లోపలి గుడ్డ

ఫోను నిలబెట్టడానికే పది నిమిషాలు పట్టింది. ముందు దాన్ని దారపు ఉండల డబ్బాకి ఆనించారు, జారిపోయింది. తరవాత ఇస్త్రీపెట్టెకి ఆనించబోతే అది ఇంకా వేడిగా ఉందని పెద్దకూతురు చటుక్కున లాక్కుంది. చివరికి కుట్టుమిషను మీద రెండు పెద్ద కత్తెరలు అడ్డం పెట్టి మధ్యలో ఇరికిస్తే నిలిచింది. తీరా చూస్తే తెర మీద తండ్రి గడ్డమూ, మిషను చక్రమూ తప్ప ఇంకేమీ కనబడటంలేదు.

"నాన్నా, కాస్త వెనక్కి జరుగు. డాక్టరుగారికి కనపడాల్సింది నువ్వు, మిషను కాదు."

"దానికీ నాలుగు రోజులుగా ఒంట్లో బాలేదు. చూస్తే చూడనీ," అన్నాడు టైలరు. అంగుళం కూడా జరగలేదు.

పెద్దకూతురు పళ్ళు నూరుకుంది. పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా సీసాల ఫ్యాక్టరీలో నిలబడి వచ్చింది ఆమె. అక్కడ ఆమె పని తనిఖీ. వరసగా వచ్చే సీసాల వెనక పెద్ద లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో బీటలున్నవీ బుడగలున్నవీ ఏరి పక్కన పడేయాలి. పదకొండేళ్ళుగా అదే పని. అందుకని తండ్రి ఆమెను ఇన్స్‌పెక్టరమ్మా అని పిలుస్తాడు. రెండు వీధుల అవతల కాపురముంటున్నా, పని దిగగానే ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చి తండ్రి అన్నం తిన్నాడా లేదా అని గిన్నెలు ఎత్తి చూసే అలవాటు వల్ల ఆ పేరు మరీ స్థిరపడిపోయింది.

మూడు నెలలుగా ఆయన కడుపు కుదురుగా లేదు. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని చాలంటాడు. ఓ వారం విరేచనం అసలు కాదు, మరో వారం ఆగదు. ఆస్పత్రికి పద అంటే, "షాపెవరు చూస్తారు?" అంటాడు. షాపంటే ఎక్కడో కాదు, ఆ ఇంటి ముందుగదే. దానికి తాళం వేసి గంట సేపు బయటికి వెళ్తే ఊరంతా బట్టల్లేకుండా తిరుగుతుందన్నట్టు మాట్లాడతాడు. సరే, షాపులోంచి కదలకుండానే చూపించుకో అని ఆమె ఫోనులో డాక్టరుని కుదిర్చింది. ఇక ఆయనకి సాకులుండవనుకుంది. కన్నతండ్రి గురించి ఆమెకి అంతే తెలుసన్నమాట.

మొదటి చిక్కు డాక్టరు కన్నా ముందే వచ్చింది. ఫోనులో ఓ ఫారం నింపాలి. వయసు, పాత జబ్బులు, వాడే మందులు. అన్నీ అయ్యాక ఏడు బొమ్మలు వచ్చాయి. మోషన్ ఏ బొమ్మలా ఉంటోందో దాని మీద వేలు పెట్టాలట. టైలరు ఒక్క క్షణం చూసి ఫోను బోర్లించేశాడు.

"ఇవేం బొమ్మలే! నువ్వు చూపించడమేమిటి, నేను చూడటమేమిటి?"

"డాక్టరుకి కావాలి నాన్నా. ఒకటి చెప్పు, అయిపోతుంది."

ఆయన ముఖం తిప్పేసుకున్నాడు. తల్లి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఏడింటినీ చీరల షాపులో చూసినట్టు శ్రద్ధగా చూసింది.

"నాలుగోది పెట్టు," అంది.

"నీకెలా తెలుసమ్మా?"

"నాకేం తెలుసు? చూడ్డానికి అదే శుభ్రంగా ఉంది."

పెద్దకూతురు నుదురు కొట్టుకుంది. నాలుగోదే పెట్టింది, ఎందుకంటే ఏదో ఒకటి పెడితే తప్ప ఫారం ముందుకి కదలదు.

మొదటిసారి డాక్టరుతో మాటలు ఎలా జరిగాయో చెప్పాలంటే, ముందు ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. టైలరు పని చేసేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుంటాడు. పెదాల మధ్య ఎప్పుడూ ఆరో ఏడో ఉంటాయి. వాటితో మాట్లాడటం కుదరదు కాబట్టి, షాపుకి వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పేది తల్లి. చొక్కా ఎప్పుడవుతుంది, మెడ ఎంత లోతు పెట్టాలి, లైనింగు వెయ్యాలా వద్దా, అన్నీ ఆవిడే. ఆయన తల ఊపుతాడు, అంతే. ముప్పై అయిదేళ్ళుగా అలా సాగింది. ఇప్పుడు సూదులు లేనప్పుడు కూడా ఆయన నోరు ఆవిడ దగ్గరే ఉంటుంది.

తెర మీద డాక్టరు కనబడింది. నలభై అయిదేళ్ళావిడ. అప్పటికే ఎందరినో చూసిన అలసట కళ్ళ కింద తెలుస్తోంది, గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

"చెప్పండి, నొప్పి ఎక్కడ వస్తుంది?"

"ఇక్కడండీ," అంటూ తల్లి ముందుకి వంగి తన పొట్టమీద చెయ్యి పెట్టి చూపించింది.

"అమ్మా, పేషెంటు మీరా?"

"కాదండీ, ఆయన. ఆయన చెప్పరు."

"ఎందుకు చెప్పరు?"

టైలరు నోట్లో ఎప్పుడు పెట్టుకున్నాడో, నాలుగు గుండుసూదులు ఉన్నాయి. డాక్టరు ఆకలి ఎలా ఉందని అడిగింది. తల్లి చెప్పింది. నిద్ర పడుతోందా అని అడిగింది. తల్లి చెప్పింది. మోషన్‌లో రక్తం ఏమైనా కనిపిస్తోందా అని అడిగింది.

"ఛ ఛ, అలాంటివేం లేవండీ," అంది తల్లి, ఎవరో ఇంటి పరువు తీసినట్టు. టైలరు తల అడ్డంగా ఊపాడు.

"బరువు ఏమైనా తగ్గారా?"

"అబ్బే. ప్యాంట్లన్నీ అలాగే సరిపోతున్నాయి."

"కాటా మీద చూశారా?"

"టైలరు ఇంట్లో కాటా ఎందుకండీ డాక్టరుగారూ," అని తల్లి నవ్వింది. "ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా బట్టే చెప్పదూ?"

అంతలో కోటు చేతులు పొడుగయ్యాయని ఓ గుమాస్తా గుమ్మంలోకి వచ్చాడు. అంతే, టైలరు ఒక్క నిమిషం అన్నట్టు డాక్టరుకి వేలు చూపించి లేచిపోయాడు. ఆ ఒక్క నిమిషం తొమ్మిది నిమిషాలయింది. ఆ తొమ్మిది నిమిషాలూ డాక్టరు ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంది. మాట్లాడటానికి ఇచ్చిందే పదిహేను నిమిషాలు. చివరికి ఆమె కొన్ని మాత్రలు రాసి, రక్తపరీక్ష చేయించమనీ, కాటా ఎక్కి బరువు చూసి రెండు వారాల్లో మళ్ళీ మాట్లాడమనీ చెప్పింది.

రక్తపరీక్ష చేయించలేదు. స్కూలు యూనిఫారాల సీజనట. ఊళ్ళో పిల్లలకి ఏడాదిలో ఒక్కసారే స్కూళ్ళు తెరుస్తారట. ఈ మాట అన్నప్పుడు పెద్దకూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చేస్తుంది, ఆయన చెయ్యి పట్టుకుని సూది గుచ్చడానికి ఆమేమన్నా నర్సా?

రెండోసారికి బాబాయి కూడా తయారయ్యాడు. టైలరు తమ్ముడు, సైకిళ్ళు బాగు చేస్తాడు. పదేళ్ళ కిందట అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆ రోజు నుంచీ మెడకీ మోకాళ్ళకీ మధ్యనున్న అన్ని జబ్బులకీ తనే అధికారి. డాక్టరు తెర మీదికి రాగానే ఈయన కుర్చీ లాక్కుని ముందుకి వచ్చాడు.

"డాక్టరుగారూ, నాకు మొదట్లో ఇలాగే ఉండేది. చూడండి," అంటూ చొక్కా ఎత్తి కుట్ల మచ్చని ఫోనుకి దగ్గరగా పెట్టాడు. తెర నిండా బాబాయి పొట్టే.

"మీరెవరండీ?" అంది డాక్టరు.

"నేను తమ్ముణ్ణి. అన్నయ్యది గ్యాసే, నేను రాసిస్తాను."

"రాసేది నేనండీ. ముందు ఆ చొక్కా దింపండి."

పెద్దకూతురు బాబాయిని భుజం పట్టుకుని పక్కకి నెట్టింది. తెర ఆగిపోయింది. డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మళ్ళీ కదిలేసరికి అయిదు నిమిషాలు పోయాయి.

"బరువు చూసుకున్నారా?" అంది డాక్టరు. ఈసారి మెత్తదనం కాస్త తగ్గింది.

టైలరు పెదాల మధ్యనుంచి ఒక్కటంటే ఒక్క సూది తీశాడు.

"డెబ్బై నాలుగు."

ఆయన డాక్టరుతో ఆడిన మొదటి మాట అదే. ఎదురుగా ఉన్న మందుల షాపులో చూసుకున్నానన్నాడు. పెద్దకూతురికి ప్రాణం లేచి వచ్చింది. పోయిన ఏడాది కూడా డెబ్బై నాలుగే. ఏమీ తగ్గలేదు. డాక్టరు రాసుకుంది. మాత్రలు మార్చింది. రక్తపరీక్ష లేకుండా మూడోసారి తనకి ఫోను చేయవద్దని మాత్రం గట్టిగా చెప్పింది. చెప్పాక కూడా చేయించలేదంటే, అది వేరే సంగతి.

"ఈ గడ్డమొకటి," అని తల్లి ఆ సాయంత్రం సణిగింది. "ముప్పై అయిదేళ్ళు నున్నగా గీసుకున్న మనిషి. ఇప్పుడు ఎవరికి చూపించాలని పెంచుతున్నారో!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

మూడోసారి మధ్యాహ్నం మూడింటికి. ఆ రోజు పెద్దకూతురు కాస్త ముందుగానే వచ్చింది. మబ్బు పట్టేలా ఉందని తల్లి ఆమెని మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంది. మబ్బు ఇంకా సూర్యుడి దాకా రాలేదు. తీగ మీద తండ్రి ప్యాంట్లు మూడు వరసగా, రంగు పోకుండా తిరగేసి ఆరేసినవి, ఎండకి ఎదురుగా వేలాడుతున్నాయి.

మొదటిది తీయబోయి ఆగింది.

నడుము వెనక, మధ్య కుట్టు దగ్గర, నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ లోపలివైపు నిలబడి ఉంది. దాని గుండా ఎండ వస్తోంది. ఆ గుడ్డ మీద సన్నటి చుక్కలు, వరసగా, పైనుంచి కిందికి. ఒక వరస కాదు, అయిదు. కుట్టి, విప్పి, అరంగుళం లోపలికి జరిపి మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పిన సూది రంధ్రాలు. పదకొండేళ్ళుగా వెలుగుకి ఎదురుగా పెట్టి బీటలు వెతికే కళ్ళు ఆమెవి. ఆ చుక్కలేమిటో అర్థం కావడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో ప్యాంటు తీసింది. అయిదు వరసలు. మూడోది తీసింది. చొక్కా పక్కకుట్లు తిరగేసి చూసింది. వాటిలోనూ అంతే. వెనక జేబులు రెండూ దగ్గరికి జరిగి జరిగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నాలుగు నెలలుగా ఆయన చొక్కా పైకి వదిలేసి తిరుగుతుంటే, వయసు మీదపడింది, గాలాడాలి కాబోలు అనుకుంది. వేల సీసాల్లో వెంట్రుకంత బీట పట్టుకునే మనిషి, కన్నతండ్రి ఎదురుగా కూర్చుని కరిగిపోతుంటే గిన్నెలు ఎత్తి చూసి తృప్తి పడింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

బట్టలన్నీ ఆ తీగ మీదే వదిలేసి, ఒక్క ప్యాంటు పట్టుకుని దడదడా మెట్లు దిగింది.

టైలరు బల్ల మీద నీలం గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆమె వచ్చి ఆయన మెడలో వేలాడుతున్న టేపు లాగి తీసుకుంది.

"చేతులెత్తు."

"ఏమిటే?"

"చేతులెత్తు నాన్నా."

ఆయన ఆమె చేతిలోని ప్యాంటు చూశాడు. సుద్ద కింద పెట్టాడు. తన ముందు వేలమంది నిలబడ్డట్టే తనూ చేతులు పక్కలకి ఎత్తి నిలబడ్డాడు. ఆమె నడుము చుట్టూ టేపు తిప్పింది. చొక్కా కింద ఎముక చేతికి తగిలింది.

"ముప్పై ఒకటిన్నర," అన్నాడు ఆయనే, ఆమె చూసేలోపల. "చూడక్కర్లేదు. పొద్దున్నే చూసుకున్నా."

కొలతల పుస్తకంలో ఆయన పేజీ కూడా ఉంటుంది. ఆమె తీసి చూసింది. నడుము ముప్పై ఆరు. పోయిన ఏడాది రాసింది. దాని కింద ఇంకేమీ రాయలేదు.

ఆమె ఆయన రెక్క పట్టుకుని వీధి దాటించింది. మందుల షాపు ముందు కాటా ఉంది. గట్టిగా ఇరవై అడుగుల దూరం లేదు. ఎక్కించింది. అరవై రెండు.

"డెబ్బై నాలుగన్నావు!" వీధిలోనే అరిచేసింది. "డాక్టరుకి డెబ్బై నాలుగని చెప్పావు! ఆవిడ రాసుకుంది! రెండుసార్లు ఆవిడ మాత్రలిచ్చింది ఎవరికి? పోయిన ఏటి మనిషికి! నీకు కాదు!"

"అరవకే. మీ అమ్మ వింటుంది."

"విననీ!"

షాపులోకి తెచ్చి కూర్చోబెట్టింది. నోట్లో సూదులు పెట్టుకోవడానికి ఆయన చెయ్యి డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఆమె డబ్బా లాగేసుకుంది. ఇంక దారి లేక నోరు విప్పాడు.

"మా నాన్నకీ ఇలాగే అయింది. నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు. ఆఖరి ఏడు ఆయన ప్యాంట్లు నేనే లోపలికి పట్టి కుట్టేవాణ్ణి. ముప్పై నాలుగు, ముప్పై రెండు, ముప్పై. పట్టినప్పుడల్లా పుస్తకంలో రాసేవాణ్ణి. అదే నే చేసిన తప్పు. మా అమ్మ రోజూ ఆ పుస్తకం తీసి ఆ అంకెలు చూసుకుని ఏడ్చేది. ఇరవై ఆరు దాకా రాశా." బల్ల మీది నీలం గుడ్డ సర్దాడు. "మీ అమ్మ ఆ అంకెలు చూడకూడదనుకున్నా. అంతే."

"అందుకని రాయకుండా కుట్టుకున్నావా? ఆ గడ్డం కూడా అందుకేనా?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఇప్పుడు మాత్రమే తెలుస్తోంది, అదే ఆమెని కాల్చుకు తింటోంది.

"డాక్టరు దగ్గర ఎందుకు దాచావు నాన్నా? అమ్మ దగ్గర దాచావు, సరే. డాక్టరు దగ్గర?"

"డాక్టరు ముందు చెప్తే మీ అమ్మ ముందు చెప్పినట్టే కదా. ఎప్పుడూ పక్కనే ఉంటుంది."

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆవిడ అరుస్తుందనుకున్నారు, ఏడుస్తుందనుకున్నారు. రెండూ చేయలేదు. బల్ల మీద పడి ఉన్న ప్యాంటు తీసుకుని, తిరగేసి, ఆ వరసల మీద వేలితో రాస్తూ పోయింది.

"ప్యాంట్లు సరిపోతున్నాయని నా నోటితో చెప్పించారు," అంది. "నవ్వుతూ చెప్పాను ఆవిడకి. టైలరు ఇల్లని గొప్పగా చెప్పాను. మీ పక్కన కూర్చుని చెప్తుంటే విని ఊరుకున్నారు."

టైలరు తల ఎత్తలేదు. ముప్పై అయిదేళ్ళుగా తన మాటలన్నీ ఆడిన మనిషి చేత ఆడించిన అబద్ధం అది.

మూడయింది. డాక్టరుకి ఫోను కలిసింది. కత్తెరల మధ్య పెట్టే ఓపిక ఎవరికీ లేదు. పెద్దకూతురు చేత్తోనే పట్టుకుంది. సరిగ్గా అప్పుడే బాబాయి ఏదో కషాయం సీసా పట్టుకుని గుమ్మం ఎక్కాడు. "అన్నయ్యా, ఇది మూడు పూటలా..." అనేలోపు తల్లి వెళ్ళి తలుపు ఆయన ముఖం మీద వేసేసింది. బాబాయిని ఆ ఇంట్లోంచి అలా ఎవరూ ఎప్పుడూ వెళ్ళగొట్టలేదు.

"రక్తపరీక్ష రిపోర్టు ఏదండీ?" తెర మీద డాక్టరు అప్పటికే విసుగ్గా ఉంది. "లేకుండా ఫోను చేయవద్దని చెప్పాను కదా?"

"అది యూనిఫారాల..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టింది తల్లి. మధ్యలోనే ఆపేసింది. "ఆయన చెప్తారు," అంది. ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం పెద్దకూతురు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, నే చెప్పిన డెబ్బై నాలుగు అబద్ధం. అరవై రెండు. నడుము ముప్పై ఆరు ఉండేది, ముప్పై ఒకటిన్నర అయింది. నాలుగు నెలల్లో. నెలకి అంగుళం పైన." కొలత కాబట్టి అక్కడిదాకా తడబడకుండా వచ్చింది. తరవాతిది కష్టపడి వచ్చింది. "రక్తం కూడా పడుతోంది. రెండు నెలలైంది. ఆ బొమ్మల్లో నాలుగోది కాదు. అది మా ఆవిడ పెట్టింది."

తెర ఆగిపోయిందేమోనని పెద్దకూతురు ఫోను ఊపింది. ఆగలేదు. డాక్టరు కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"నేను రెండుసార్లు రాసుకున్నాను," అంది. "బరువు తగ్గలేదు, రక్తం లేదు అని. ఈ రెంటిలో ఒక్కటి చెప్పి ఉన్నా మొదటి రోజే మిమ్మల్ని ఇక్కడికి రప్పించేదాన్ని." ఆమెకీ కోపం వచ్చింది. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. "సరే. ఫోనులో వైద్యం ఇక్కడితో అయిపోయింది. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆస్పత్రికి రండి. రక్తపరీక్ష ఇక్కడే చేస్తాం. ఎల్లుండి లోపలికి కెమెరా పంపి చూస్తాం. ఇవాళ నుంచి ఏం తినాలో, ఏం తినకూడదో రాసి పంపిస్తాను."

"ఏమై ఉంటుందండీ?" అంది పెద్దకూతురు.

"చూడకుండా చెప్పను. చిన్నదయినా కావచ్చు, పెద్దదయినా కావచ్చు. పెద్దదయితే ఈ నాలుగు నెలలూ మనకి కావాల్సినవి. పోయినవి పోయాయి, ఇంకో రోజు పోనివ్వకండి."

"రేపు యూనిఫారాలు ఇవ్వాల్సినవి పద్దెనిమిది..." అన్నాడు టైలరు, చాలా నెమ్మదిగా.

తల్లి గోడకున్న తాళంకప్ప తీసి ఆయన ఎదురుగా బల్ల మీద పెట్టింది.

ఫోను పెట్టేశాక కూడా పెద్దకూతురికి కోపం తగ్గలేదు. భయంగా ఉంది, ఆ భయాన్ని ఏం చేసుకోవాలో తెలియక కోపాన్నే పట్టుకుని వేలాడుతోంది. ఏదో ఒకటి అనకపోతే ఏడుపు వచ్చేలా ఉంది. తల్లి ఒళ్ళోంచి ప్యాంటు లాక్కుని ఆ లోపలి గుడ్డని ఆయన ముఖం ముందు ఊపింది.

"ఇదేమిటి, ఇంత గుడ్డ ఇలా వదిలేశావు? కూర్చుంటే గుచ్చుకోదూ? అనుభవమున్న టైలరు చేసే పనేనా ఇది?"

ఆమె అడిగిందాంట్లో అర్థముంది. పట్టి కుట్టినప్పుడు మిగిలిన గుడ్డ కత్తిరించి, లోపల కూడా బయటంత శుభ్రంగా ఉంచడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికే ఊళ్ళో పేరు. ఒక్క పిల్లల బట్టల్లోనే లోపల గుడ్డ వదులుతాడు, ఏడాది తిరిగేసరికి ఎదుగుతారు కాబట్టి. పెద్దవాళ్ళ బట్టల్లో ఎన్నడూ వదలడు.

"గుచ్చుకుంటుంది," అన్నాడు ఆయన. "కూర్చున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది."

"మరి కత్తిరించాల్సింది!"

"మా నాన్నవి కత్తిరించేశాను. పట్టినప్పుడల్లా శుభ్రంగా కత్తిరించేశాను." ప్యాంటు ఆమె చేతిలోంచి తీసుకుని ఆ గుడ్డని వేళ్ళతో సాపు చేశాడు. "నావి కూడా కత్తిరిద్దామనే కత్తెర తీశానే. అయిదుసార్లూ తీశాను. చెయ్యి రాలేదు. మళ్ళీ విప్పుకోవాలంటే గుడ్డ ఉండాలి కదా."

తల్లి చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు.

పెద్దకూతురు ప్యాంటు తీసుకుని, లోపలిది బయటికి రాకుండా జాగ్రత్తగా తిరగేసి, మడత పెట్టి ఆయన పక్కన పెట్టింది.

"రేపు ఇదే వేసుకో," అంది. "బెల్టు పెట్టుకో. రాత్రికి మళ్ళీ మిషనెక్కి పట్టావంటే చేతులు విరగ్గొడతాను."